కార్ టిప్స్: పాత కారు మిస్సింగ్ కొడుతోందా? ప్లగ్గులన్నీ మార్చేయకండి.. ముందు ఏ సిలిండరో ఇంట్లోనే ఇలా కనిపెట్టండి!

పొద్దున్నే కారు స్టార్ట్ చేస్తే ఇంజిన్ ఊగిపోతోంది.. సైలెన్సర్ దగ్గర 'ఫట్.. ఫట్' అని తేడాగా శబ్దం వస్తోంది.. ఎక్సలేటర్ తొక్కినా పికప్ లేదు. మెకానిక్‌ల భాషలో చెప్పాలంటే బండి 'మిస్సింగ్' కొడుతోంది. దీన్నే ఇంజిన్ మిస్‌ఫైర్ అంటారు.

పశ్చిమ ప్రకాశంలో పుల్లలచెరువు, యర్రగొండపాలెం, త్రిపురాంతకం వైపు ఊళ్లలో ఇది చిన్న సమస్యేం కాదు. కారు స్పేర్ పార్ట్ కావాలంటే మార్కాపురమో, వినుకొండో వెళ్లాలి. మధ్యలో ఆగిపోతే బండిని లాక్కెళ్లడానికే బోలెడు ఖర్చు. పైగా మిస్సింగ్ అనగానే ముందు ప్లగ్గులు, తర్వాత వైర్లు, ఆ తర్వాత కాయిల్.. ఇలా ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోతే జేబుకు చిల్లు పడుతుంది కానీ మిస్సింగ్ మాత్రం అలాగే ఉంటుంది.

అందుకే ఒక వరుస ఉంది. ముందు ఏ సిలిండర్ పనిచేయడం లేదో తేల్చాలి. ఆ తర్వాతే ఏ పార్ట్ పోయిందో చూడాలి. ఇందులో చాలా భాగం ఒక పానా, ఒక టార్చ్‌లైట్, కాస్త ఓపికతో ఇంటి ముందే చేసుకోవచ్చు. అదెలాగో చూద్దాం..

అసలు మిస్‌ఫైర్ అంటే ఏంటి?

పెట్రోల్ ఇంజిన్‌లో ప్రతి సిలిండర్‌కు మూడు కావాలి. సరైన పాళ్లలో గాలి-పెట్రోల్ మిశ్రమం, దాన్ని గట్టిగా నొక్కే కంప్రెషన్, సరిగ్గా సమయానికి స్పార్క్. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ సిలిండర్‌లో మంట అంటుకోదు. మిగతా సిలిండర్లు దాన్ని కూడా మోసుకుంటూ తిరుగుతాయి.

మన దగ్గర పాత కార్లంటే ముందు గుర్తొచ్చేది మారుతి 800. 1983 డిసెంబర్‌లో మార్కెట్లోకి వచ్చిన ఈ కారు ఉత్పత్తి 2014 జనవరిలో ఆగిపోయింది. దాని 796 సీసీ ఇంజిన్‌కు ఉన్నవి మూడే సిలిండర్లు. అంటే ఒక్కటి పడుకుంటే మూడో వంతు బలం పోయినట్టే. అందుకే 800, ఓమ్ని, పాత ఆల్టోల్లో మిస్సింగ్ వస్తే బండి మొత్తం వణికిపోతుంది. అంబాసిడర్, పాత శాంత్రో లాంటి నాలుగు సిలిండర్ల బండ్లలో పోయేది నాలుగో వంతు. వణుకు కొంచెం తక్కువగా తెలుస్తుంది.

ఎప్పుడు మిస్ అవుతోంది? ముందు ఇది గమనించండి

బోనెట్ ఎత్తకముందే సగం సమాచారం దొరుకుతుంది. మిస్సింగ్ ఏ సమయంలో వస్తోందన్నదే ఇక్కడ కీలకం.

- వాన పడినప్పుడు, పొద్దున మంచులో మాత్రమే వస్తుంటే.. ప్లగ్ వైర్లు లేదా డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌లో తేమ చేరినట్టు అనుమానించాలి.
- చల్లగా ఉన్నప్పుడు బాగుండి, కాసేపు తిరిగి ఇంజిన్ వేడెక్కాక మొదలై, చల్లారాక మళ్లీ సర్దుకుంటే.. ఇగ్నిషన్ కాయిల్ మీద కన్నేయాలి.
- ఐడ్లింగ్‌లో వణికి, స్పీడ్‌లో సర్దుకుంటే.. ఎక్కడో గాలి లీకవుతుండొచ్చు. ట్యాపెట్లు బిగుసుకుపోయి వాల్వ్ సరిగా మూసుకోకపోయినా ఇలాగే ఉంటుంది.
- ఐడ్లింగ్‌లో బాగుండి.. ఎత్తు ఎక్కేటప్పుడు, లోడ్ పడినప్పుడు మిస్ అయితే.. స్పార్క్ బలహీనంగా ఉండటమో, పెట్రోల్ చాలినంత రాకపోవడమో కారణం కావొచ్చు.
- బంకులో పెట్రోల్ పోయించిన వెంటనే మొదలైతే.. ట్యాంకులో నీళ్లు, చెత్త చేరాయేమో చూడాలి.

సైలెన్సర్ గొట్టానికి కాస్త దూరంలో ఒక కాగితం పట్టుకుంటే ఇంకో ఆధారం దొరుకుతుంది. ఇంజిన్ బాగుంటే గాలి ఒకే లయలో తోస్తుంది. లెక్క పెట్టినట్టు ఒకే వరుసలో గ్యాప్ వస్తుంటే ఒకే సిలిండర్ పోయినట్టు. గ్యాప్ అడ్డదిడ్డంగా వస్తుంటే అన్ని సిలిండర్లకూ కలిపి ఉండే పార్టుల్లో, అంటే కాయిల్, డిస్ట్రిబ్యూటర్, పెట్రోల్ సరఫరాలో తేడా ఉండే అవకాశం ఎక్కువ.

చెయ్యి పెట్టే ముందు ఈ జాగ్రత్తలు తప్పనిసరి

బండిని ఆరుబయటే పెట్టాలి. మూసి ఉన్న షెడ్డులో ఇంజిన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. దానికి వాసన కూడా ఉండదు. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాల కింద రాళ్లు పెట్టాలి. మెడలో తువ్వాలు, వదులు చొక్కా చేతులు, చున్నీలు ఫ్యాన్ దరిదాపుల్లోకి రాకూడదు. ఎలక్ట్రిక్ ఫ్యాన్ అయితే ఇంజిన్ ఆపినా ఒక్కోసారి దానంతటదే తిరుగుతుంది.

ప్లగ్ వైర్లలో వేల వోల్టుల కరెంట్ ఉంటుంది. నడుస్తున్న ఇంజిన్‌లో వాటిని చేత్తో పట్టుకోవద్దు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు అసలు దగ్గరకే వెళ్లకూడదు. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు. పెట్రోల్ వాసన వస్తుంటే బీడీ, సిగరెట్ మాట అటుంచి, స్టార్ట్ కూడా చేయొద్దు.

మొదటి మెట్టు: కళ్లతో చూడండి

టార్చ్ వేసి ఒక్కో వైరూ, ఒక్కో గొట్టం చూసుకుంటూ వెళ్లండి. పల్లెల్లో ఎక్కువ రోజులు కదలకుండా ఉన్న కార్లకు ఎలుకల బెడద ఎక్కువ. ప్లగ్ వైరును, ఇంజెక్టర్ వైరును కొరికి వదిలేస్తే మిస్సింగ్ ఖాయం. బ్యాటరీ టెర్మినల్స్ మీద తెల్లటి పొడి పేరుకుందా? ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు వదులైందా? సన్నటి వాక్యూమ్ గొట్టం పగిలిందా, ఊడిందా? ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయిందా?

రాత్రి చీకట్లో లైట్లన్నీ ఆర్పి, ఇంజిన్ స్టార్ట్ చేసి దూరం నుంచి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. ప్లగ్ వైరు ఇన్సులేషన్ చిట్లి ఉంటే అక్కడ నీలంగా మెరుస్తుంది. కరెంట్ ప్లగ్గుకు వెళ్లకుండా అక్కడే దూకేస్తోందని అర్థం. ఆ వైరు మార్చాల్సిందే.

రెండో మెట్టు: పనిచేయని సిలిండర్ ఏదో పట్టుకోండి

అన్నిటికన్నా తేలికైంది నీటి చుక్కల పద్ధతి. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, ఒక నిమిషం నడిపి ఆపేయండి. ఒక్కో సిలిండర్ నుంచి ఎగ్జాస్ట్ గొట్టం మొదలయ్యే చోట వేలితో రెండంటే రెండే చుక్కలు చిలకరించండి. పెనం మీద పడ్డట్టు 'చుయ్' మంటే ఆ సిలిండర్‌లో మంట ఉన్నట్టే. చుక్క అలాగే నిలిచిపోతే అదే చచ్చిన సిలిండర్. బాగా వేడెక్కిన ఇంజిన్ మీద మాత్రం నీళ్లు పోయకండి.. పోత ఇనుము పగిలిపోవచ్చు.

రెండోది, కార్బరేటర్ బండ్లలో మెకానిక్‌లు చేసే పద్ధతి. ఇంజిన్ ఆపి, ఒక సిలిండర్ ప్లగ్ వైరు ఊడదీసి, దానికి విడి ప్లగ్ ఒకటి తగిలించాలి. ఆ ప్లగ్ ఇనుప భాగాన్ని ఇంజిన్ లోహానికి తగిలేలా వైరుతో గట్టిగా కట్టాలి. పెట్రోల్ గొట్టాలకు దూరంగా ఉండేలా చూసుకోవాలి. ఇప్పుడు స్టార్ట్ చేసి శబ్దం వినండి. ఇంజిన్ ఇంకా కుంటితే, లేదా ఆగిపోతే.. ఆ సిలిండర్ అప్పటిదాకా బాగానే పనిచేస్తున్నట్టు. ఏ తేడా రాలేదంటే దొంగ దొరికినట్టే! ఇలా ఒక్కో సిలిండర్‌కూ చేయాలి. వైరును గాల్లో ఊరికే వేలాడదీసి స్టార్ట్ చేయొద్దు. కాయిల్ దెబ్బతింటుంది.

ఎంపీఎఫ్ఐ బండ్లలో ప్లగ్ వైరు పీకే పద్ధతి వద్దు. కాలని పెట్రోల్ నేరుగా సైలెన్సర్ లైన్లో ఉండే కెటాలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని మాడ్చేస్తుంది. దానికి బదులు ఇంజిన్ ఆపి ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ తీసి, స్టార్ట్ చేసి చూడాలి. పెట్రోల్ ఆగిపోతుంది కాబట్టి కన్వర్టర్‌కు ప్రమాదం ఉండదు. లెక్క మాత్రం అదే.. తేడా రాని సిలిండరే దోషి.

మూడో మెట్టు: ప్లగ్గును చదవండి

ఇంజిన్ చల్లారాక ఆ సిలిండర్ ప్లగ్ విప్పండి. విప్పేముందు చుట్టూ ఉన్న దుమ్ము ఊదేయాలి, లేకపోతే లోపల పడుతుంది. పక్కనే బాగున్న సిలిండర్ ప్లగ్ కూడా తీసి రెండూ పోల్చి చూడండి.

- ఇటుక రంగు, లేత గోధుమ రంగు: అంతా బాగున్నట్టు.
- పొడి మసి, నల్లగా: పెట్రోల్ ఎక్కువవుతోంది లేదా గాలి తక్కువవుతోంది. చోక్ ఇరుక్కుపోయిందేమో, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో చూడాలి.
- తడిగా, పెట్రోల్ వాసనతో: పెట్రోల్ వస్తోంది కానీ అంటుకోవడం లేదు. స్పార్క్ వైపు వెతకాలి.
- జిడ్డుగా, ఆయిల్‌తో: పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో అరిగాయి. కొత్త ప్లగ్ వేసినా కొన్నాళ్లకే మళ్లీ ఇదే కథ.
- తెల్లగా, బొబ్బలెక్కినట్టు: విపరీతమైన వేడి. పెట్రోల్ తక్కువై గాలి ఎక్కువవుతుండొచ్చు.
- కడిగినట్టు మరీ శుభ్రంగా: రేడియేటర్ నీళ్లు సిలిండర్‌లోకి వెళ్తున్నాయేమో అనుమానించాలి.

పింగాణీ భాగంలో సన్నటి పగులున్నా ప్లగ్ పనికిరాదు. కొన మధ్య గ్యాప్‌ను ఫీలర్ గేజ్‌తో చూసి, కారు మాన్యువల్‌లో ఉన్న కొలతకు సరిచేయాలి. తిరిగి బిగించేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పాలి. హెడ్ అల్యూమినియంది. పానాతో బలవంతంగా తిప్పితే మరలు పోయి, వందల్లో పోయేది వేలల్లోకి వెళ్తుంది.

నాలుగో మెట్టు: అటుదిటు మార్చండి.. అసలు రహస్యం ఇక్కడే

కొత్త పార్ట్ కొనకుండానే తప్పు ఎక్కడుందో తేల్చే చిట్కా ఇది. పనిచేయని సిలిండర్ ప్లగ్‌ను బాగున్న సిలిండర్‌కు వేయండి, దాని ప్లగ్‌ను దీనికి వేయండి. మళ్లీ రెండో మెట్టులో చేసిన పరీక్ష చేయండి. ఉదాహరణకు మొదట 2వ సిలిండర్ చచ్చిపోయి ఉంది. ప్లగ్గులు మార్చాక 2 బాగుపడి, 3 చచ్చిపోయిందా? అయితే తప్పు ప్లగ్‌తోపాటే వెళ్లింది. ప్లగ్ మార్చితే చాలు. తప్పు ఇంకా 2లోనే ఉందా? ప్లగ్ మంచిదే, తర్వాతి పార్ట్‌కు వెళ్లాలి.

ఇదే పద్ధతిలో ప్లగ్ వైరు, ఒక్కో సిలిండర్‌కు విడి కాయిల్ ఉన్న బండ్లలో కాయిల్ మార్చి చూడొచ్చు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే ఏది పోయిందో తెలియదు. వైర్లు తీసేముందు ఫోన్‌లో ఫొటో తీసుకోవడం మర్చిపోవద్దు. మారుతి 800లో ఫైరింగ్ ఆర్డర్ 1-3-2. ఈ వరుస తప్పిస్తే లేని మిస్సింగ్ కొత్తగా వస్తుంది. వైర్ల పొడవు సరిపోక మార్చలేకపోతే మల్టీమీటర్‌తో వాటి ఓమ్స్ చూడండి. పొడవును బట్టి కొద్ది తేడా మామూలే. మిగతావాటికన్నా ఒకటి మరీ ఎక్కువ చూపించినా, అసలు రీడింగే రాకపోయినా ఆ వైరు తెగినట్టే.

ఇంజెక్టర్ మార్చి చూడటం మాత్రం ఇంట్లో వద్దు. అక్కడ పెట్రోల్ ప్రెషర్‌లో ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజెక్టర్‌కు ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుంటే 'టిక్ టిక్' వినిపించాలి. ఒక్కటే మూగగా ఉంటే మెకానిక్‌కు ఆ మాట చెబితే చాలు.

అన్ని సిలిండర్లూ మిస్ అవుతుంటే?

డిస్ట్రిబ్యూటర్ ఉన్న బండ్లలో క్యాప్ తీసి లోపల చూడండి. పెన్సిల్ గీతల్లా నల్లటి చారలు ఉంటే కరెంట్ దారి తప్పుతోందని అర్థం. తేమ ఉంటే పొడి గుడ్డతో తుడవాలి. పాత అంబాసిడర్ లాంటి పాయింట్ల బండ్లలో పాయింట్లు కాలిపోయినా, గ్యాప్ తగ్గినా, కండెన్సర్ పోయినా బండి ఇలాగే సతాయిస్తుంది.

స్పార్క్ బాగుంటే పెట్రోల్ వైపు చూడాలి. ఫిల్టర్ ఎప్పుడు మార్చారు? కార్బరేటర్ జెట్‌లో చెత్త చేరిందా? ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీళ్లు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి ట్యాంకు అడుక్కు దిగిపోతాయి. నెలల తరబడి కదలని కారులో ఈ ముప్పు ఎక్కువ. ఇథనాల్ ఎక్కువైతే మిశ్రమంలో పెట్రోల్ పాలు తగ్గినట్టవుతుంది. ఎంపీఎఫ్ఐ బండ్లు దీన్ని కొంత సరిచేసుకుంటాయి కానీ కార్బరేటర్ దానంతటదే సరిచేసుకోలేదు. పాత రబ్బరు గొట్టాలు మెత్తబడినా, పగుళ్లిచ్చినా వెంటనే మార్చేయాలి.

గ్యాస్ కిట్ పెట్టించిన 800, ఓమ్ని బండ్లకు ఇంకో తేలికైన పరీక్ష ఉంది. స్విచ్ పెట్రోల్‌కు మార్చి నడపండి. మిస్సింగ్ పోతే రెండు దారులు.. గ్యాస్ సెట్టింగ్‌లో తేడా, లేదా బలహీనమైన స్పార్క్. గ్యాస్‌ను అంటించడానికి స్పార్క్ ఇంకా గట్టిగా ఉండాలి. అందుకే అరిగిన ప్లగ్ ముందు గ్యాస్ మీదే బయటపడుతుంది. గ్యాస్ కిట్ భాగాలను మాత్రం ఇంట్లో విప్పకూడదు.

ఏం మార్చినా తప్పు కదలడం లేదా? అయితే కంప్రెషన్!

ప్లగ్, వైరు, కాయిల్ మార్చినా అదే సిలిండర్ చచ్చి ఉంటే సమస్య ఇంజిన్ లోపలే ఉండొచ్చు. కంప్రెషన్ గేజ్ ఉన్న మెకానిక్ ఐదు నిమిషాల్లో తేల్చేస్తాడు. అన్ని సిలిండర్ల రీడింగులూ దాదాపు సమానంగా ఉండాలి. ఒక్కటే బాగా తక్కువుంటే ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ వేసి మళ్లీ చూస్తారు. రీడింగ్ పెరిగితే రింగులు అరిగినట్టు. పెరగకపోతే వాల్వో, హెడ్ గ్యాస్కెట్టో. పక్కపక్క రెండు సిలిండర్లు కలిసి తక్కువ చూపిస్తే వాటి మధ్య గ్యాస్కెట్ కాలినట్టే లెక్క.

గ్యాస్కెట్ మాటకొస్తే.. బోరు నీళ్ల వల్ల మెట్ట ప్రాంతాల కార్లకు ఇబ్బంది ఎక్కువ. ఆ ఉప్పు నీళ్లు రేడియేటర్‌లో పోస్తూ ఉంటే లోపల పొరలా పేరుకుపోతుంది. ఎండాకాలంలో ఇంజిన్ వేడెక్కి గ్యాస్కెట్ కాలుతుంది. రేడియేటర్‌లో నీళ్లు ఊరికే తగ్గిపోవడం, వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోవడం, ఆయిల్ పాల టీలా మారడం దీని గుర్తులు. వీటిలో ఏది కనిపించినా బండి నడపొద్దు. రేడియేటర్‌లో ఎప్పుడూ కూలెంటే వాడాలి.

చెక్ ఇంజిన్ లైట్ ఏం చెబుతుంది?

మన దేశంలో కార్లకు ఓబీడీ వ్యవస్థ 2010 ఏప్రిల్ నుంచి, దాని రెండో దశ 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరైంది. ఆ తర్వాతి బండి అయితే స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు చిన్న బ్లూటూత్ స్కానర్ పెట్టి ఫోన్‌లోనే కోడ్ చూడొచ్చు. పీ0300 అంటే అక్కడక్కడా మిస్ అవుతోందని. పీ0301 అంటే ఒకటో సిలిండర్, పీ0302 అంటే రెండోది.. ఇలా. అయితే కోడ్ చెప్పేది సిలిండర్ నంబరే కానీ పోయిన పార్ట్ పేరు కాదు. నాలుగో మెట్టు అప్పుడూ తప్పదు.

ఇలాంటప్పుడు అస్సలు నడపొద్దు

చెక్ ఇంజిన్ లైట్ ఆగి ఆగి వెలుగుతోందంటే కన్వర్టర్ కాలిపోయే స్థాయిలో మిస్ అవుతోందని హెచ్చరిక. కాలని పెట్రోల్ కన్వర్టర్‌లో మండి అది ఎర్రగా కాలుతుంది. ఆ స్థితిలో ఎండుగడ్డి మీద బండి ఆపితే మంటలు అంటుకోవచ్చు. వేసవిలో నల్లమల అంచున ఇది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్, గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లే ఘాట్ లాంటి చోట్ల మూడో వంతు బలం లేని బండితో ఓవర్‌టేక్ అంటే ప్రాణాలతో చెలగాటమే. పెట్రోల్ వాసన, ఇంజిన్ లోపల ఇనుము కొట్టుకునే శబ్దం ఉన్నా ఆపేయాల్సిందే.

డీజిల్ కార్ల సంగతి వేరు. వాటికి స్పార్క్ ప్లగ్ ఉండదు. ఇంజెక్టర్ పైపుల్లో ప్రెషర్ చర్మాన్ని చీల్చేంత ఉంటుంది. కాబట్టి ఫిల్టర్‌లో నీళ్లు వంపడం, గాలి గొట్టాలు చూడటం వరకే ఇంట్లో చేసుకోవాలి.

మెకానిక్‌కు ఈ మూడు మాటలు చెప్పండి

షెడ్డుకు వెళ్లినప్పుడు 'బండి బాలేదు' అని వదిలేయకండి. ఎప్పుడు మిస్ అవుతోంది, ఏ సిలిండర్, ఏమేం మార్చి చూశారు.. ఈ మూడు చెబితే పని సగం అయిపోయినట్టే. అనవసరంగా సెట్ మొత్తం మార్చే అవసరం రాదు. తీసిన పాత పార్టులు వెనక్కి అడిగి తీసుకోండి.

ఇంకో విషయం.. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు దాటాక రెన్యువల్‌కు ఫిట్‌నెస్ చూపించాలి. మిస్సింగ్ ఉన్న బండి కాలని పెట్రోల్‌ను పొగలో వదులుతుంది కాబట్టి పొల్యూషన్ టెస్టులో ఫెయిలయ్యే అవకాశం ఎక్కువ. పాత కారు ఇంకొన్నాళ్లు రోడ్డు మీద ఉండాలంటే మిస్సింగ్‌ను మొదటి రోజే పట్టుకోవడం మేలు.